కుంటికాలి ఎదురుకుర్చీ

నేను ఒక కుర్చీని. అదీ అల్లాటప్పా కుర్చీని కాదు, సాలూరు అడవి టేకుతో చేసిన కుర్చీని. ఈ మాట ముందే చెప్పేసుకోవాలి. ఎందుకంటే పాల సంఘం వెనకాల రేకుల షెడ్డులో, మూతలూడిన పాలక్యాన్ల పక్కన నన్ను చూసినవాళ్ళంతా పొయ్యిలోకి పనికొస్తుందా అని తట్టి చూసి పోతున్నారు. తట్టనివ్వండి, నాకేం పోయింది? నా దగ్గర ఒక గెలుపు కథ ఉంది. అది చెప్పకుండా మాత్రం పొయ్యిలోకి పోను.

నన్ను చేసినవాడు బొబ్బిలి వడ్రంగి వీరభద్రాచారి. మాట కటువు గానీ చెయ్యి బహు మెత్తన. చిత్రిక పట్టినంతసేపూ నాతో పోట్లాడి, పనయ్యాక నా మీదే కూర్చుని, వెనక్కి వాలి, బీడీ వెలిగించాడు. "కుర్సీ అంటే ఇదీ! కూకున్నోడికి మరి లెగాలనిపించకూడదు" అన్నాడు. అంతకంటే ఆశీర్వాదం ఏం కావాలి?

మొదట ఒక హోమియో డాక్టరుగారు కొనుక్కున్నారు. రోగులు నాకు వీపు ఆనించి, తమ నొప్పులతో పాటు ఎదురింటివాళ్ళ నొప్పులు కూడా చెప్పేవారు. మంచి రోజులవి. ఆయన పోయాక పాల సంఘం వాళ్ళు నన్ను కొన్నారు. లారీలోంచి దించేటప్పుడు జారవిడిచారు, ఒక కాలు చివర చీలింది. అతికించే ఓపిక ఎవరికుంది? రంపం తెచ్చి, చీలిన మేరకు కోసి పారేశారు. దాంతో ఆ కాలు మిగతా మూడింటి కంటే చిటికెనవేలంత పొట్టిదైపోయింది.

కుంటిదాన్ని ఏ గుమాస్తా దగ్గరికి రానిస్తాడు? తలా ఒక తోపు తోసి, చివరికి ఇంటర్వ్యూ గదిలో పడేశారు. దుప్పటి పరిచిన బల్లకి అవతల మెత్తలున్న మూడు కుర్చీలు అధికారులకి, ఇవతల నేను ఉద్యోగం అడగడానికి వచ్చినవాళ్ళకి. మంచి కుర్చీ వెయ్యండని నిరుద్యోగి అడగడు కదా! ఎంతమంది ఊగారో నా మీద! ఊగుతూనే నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు, పాపం. ఒక్కరూ కిమ్మనలేదు.

హైమావతి అలా వచ్చిన పిల్లే. పల్లెల్లో తిరిగి పాలు పరీక్ష చేసే సూపర్‌వైజరు ఉద్యోగం కోసం వచ్చింది. వాళ్ళ నాన్న అసిరయ్య రైసుమిల్లులో బస్తాలు మోసే కళాసీ. మిల్లు యజమాని ఎదుట జన్మలో కూర్చుని ఎరగడు. కూతురికీ అదే నేర్పాడు. పెద్దల ముందు కుర్చీ అంచున కూర్చోవాలి, వీపు ఆనించకూడదు. అది మర్యాద.

మర్యాద మంచిదే, కాదనను. కానీ నా కుంటికాలు ముందరిది. అంచున కూర్చుంటే బరువంతా దాని మీదే పడుతుంది. ఆ పిల్ల ఊపిరి పీల్చినా నేను టకామని ఒకపక్కకి, వదిలినా టకామని ఇంకోపక్కకి!

బోర్డు పెద్ద సదాశివరావుగారికి ఒక ప్రశ్నంటే మహా ఇష్టం. అందర్నీ అదే అడిగేవారు. "మీ ఊరి సర్పంచే నీళ్ళు కలిపిన పాలు తెచ్చాడనుకో. ఏం చేస్తావు?"

"వెనక్కి పంపేస్తాను సార్" అంది హైమావతి.

భేషైన జవాబు. నేనైతే అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేద్దును. కానీ ఆ మాట అంటున్నప్పుడే నేను ఊగాను, ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుంది. అవతల పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉద్యోగం వేరేవాళ్ళకి పోయింది, హైమావతి పేరు వాళ్ళ వెనకే ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది. అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఊపు. మళ్ళీ అంగుళంలో తప్పింది. మూడోసారీ అంతే. నోటి దాకా వచ్చిన ముద్ద మూడుసార్లు జారిపోతే మనిషి ఏమైపోవాలి చెప్పండి?

మూడోసారి సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవడానికి వచ్చిన రోజున, అటెండరు సన్యాసయ్య నన్ను తుడుస్తున్నాడు. గుమ్మంలో ఆ పిల్లని చూసి అతని మొహం చిన్నబోయింది.

"అమ్మా, నానొక మాట సెప్తాను, ఎవులితోనూ అనకు. నీ జవాబులు బాగున్నాయనే అనుకున్నారు. కానీ మనిసి ఒణికిపోతంది, పల్లెల్లో నెగ్గుకురాలేదు అనీసినారు."

"వణికానా? నేనా?" హైమావతి గొంతు పెరిగింది. "నేనెందుకు వణుకుతాను బాబాయ్? ఆ కుర్చీ కదా ఊగింది!"

వచ్చి నా మీద అంచున కూర్చుంది. టక్. లేచింది. మళ్ళీ కూర్చుంది. టక్. అప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నేల మీద మోకరిల్లి, నా కాళ్ళ వంక చూసింది. అన్నేళ్ళలో నా కాళ్ళు చూసిన మొదటి మనిషి ఆమే! నేలకీ నా కాలికీ మధ్య చిటికెనవేలు దూర్చింది. సరిగ్గా పట్టింది. ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసిన మొహంతోనే నా చేతి మీద ఒక్కటిచ్చుకుంది. ఇవ్వనీ, నా కాలు కోసిన మహానుభావుడికి అందాల్సిన దెబ్బ అది.

"ఇంకొక్కసారి బాబాయ్. ఆ తరవాత నా వయసు దాటిపోతుంది. మరి పిలవరు."

"రాయే తల్లీ. ఈసారి నాను అమ్మోరికి మొక్కుకుంతాను" అన్నాడు సన్యాసయ్య.

అమ్మవారి సంగతి నాకు తెలీదు గానీ, హైమావతి మాత్రం తన ఏర్పాటు తను చేసుకుని వచ్చింది. ఆఖరిసారి ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు గదిలోకి వచ్చి, నమస్కారం పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిసంచీలోంచి రబ్బరు ముక్క ఒకటి తీసింది. వంగి, నా కుంటికాలి కింద పెట్టింది. నన్ను ఒకసారి అటూ ఇటూ నొక్కి చూసింది. నేను కదిలితే ఒట్టు! అప్పుడు కూర్చుంది. అంచున కాదు, నిండుగా. నాకు వీపు ఆనించి మరీ.

డాక్టరుగారి రోగుల తరవాత నాకు వీపు ఆనించిన మనిషి లేదు. నా ప్రాణం లేచొచ్చింది.

సదాశివరావుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏంటమ్మా అది? ఇది ఆఫీసనుకున్నావా, మీ ఇల్లనుకున్నావా?"

అయిపోయింది, నా పిల్ల కొంప మునిగింది అనుకున్నాను. కానీ హైమావతి గొంతు తొణకలేదు. "కాలు పొట్టిది సార్. ఇంతకుముందు ఎప్పుడు వచ్చినా నా సగం బుర్ర దీన్ని ఊగకుండా పట్టుకోవడానికే పోయింది. ఈసారి బుర్రంతా మీ ప్రశ్నలకే ఇద్దామని."

పక్కనున్న పుష్పలత మేడం పెన్ను కింద పెట్టేసింది. సదాశివరావుగారు లేచారు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, హైమావతిని లేవమని, రబ్బరు ముక్క కాలితో పక్కకి నెట్టి, నా మీద కూర్చున్నారు.

ఇలాంటి అవకాశం నాకు మళ్ళీ వస్తుందా? ఊగాను చూడండీ! ఆయన "ఓర్నాయనో" అని రెండు చేతులతోనూ బల్ల పట్టుకున్నారు, కళ్ళజోడు ముక్కు కొసకి జారింది.

"సార్, మీరు వణుకుతున్నారు" అంది పుష్పలత మేడం.

గుమ్మం దగ్గర సన్యాసయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. సదాశివరావుగారు మాత్రం నవ్వలేదు. లేచి, ఆ ముక్కని తన చేత్తోనే తీసి మళ్ళీ నా కాలి కింద పెట్టారు. "ఇన్నేళ్ళూ పిల్లల్ని దీని మీదా కూర్చోబెట్టాం!" అన్నారు. వెళ్ళి తన చోట కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

"మీ ఊరి సర్పంచే నీళ్ళు కలిపిన పాలు తెచ్చాడనుకో."

"వెనక్కి పంపేస్తాను సార్. ఆయన పొద్దున్నే అరుస్తాడు, సాయంత్రానికి మంచి పాలు తెస్తాడు. ఇవాళ ఆయన్ని వదిలేస్తే రేపు ఊరంతా నీళ్ళే తెస్తుంది."

జవాబు మొదటిసారి చెప్పినదే. ఇప్పుడు నా ఊపు లేదు గనక చివరిదాకా చెప్పింది, అంతే తేడా. ముగ్గురూ తలలూపారు. వారం తిరక్కుండానే సన్యాసయ్య పరుగున వచ్చి, గదిలో ఎవరూ లేకపోయినా నాతోనే చెప్పాడు. "కొట్టీసినాదిరా మా పిల్ల! ఫస్టు పేరు దానిదే!" ఆ సంబరంలోనే మేకులు తెచ్చి, రబ్బరు ముక్కని నా కాలికి బిగించేశాడు. నేను నిలబడ్డాను. ఆ పిల్లా నిలబడింది.

ఉద్యోగంలో చేరే రోజున అసిరయ్య కూడా వెంట వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు. ఇంటర్వ్యూ గదిలో సదాశివరావుగారు కూర్చోమంటే, "వొద్దు బాబూ, నిలబడతాను" అని గోడకి అంటుకుపోయాడు. హైమావతి నన్ను లాగి నాన్న పక్కన వేసింది. తప్పక అంచున కూర్చున్నాడు, కూర్చుంటూనే కిందికి చూశాడు.

"ఓలమ్మో, ఇది నా సెప్పు ముక్క కాదేటే! అరిగిపోనాదని పారీసిన సెప్పు! పెద్దోల గదిలో పెట్టీసినావేటి?"

"అవును నాన్నా. అది కింద ఉంది కనకే నేను కదలకుండా కూకున్నాను. నువ్వూ వెనక్కి ఆనుకో."

అసిరయ్య కళ్ళు సదాశివరావుగారి మీదికి పోయాయి. ఆయన తలూపారు. అసిరయ్య కాస్త జరిగాడు, ఇంకాస్త జరిగాడు. బస్తాలు మోసి మోసి రాయిలా అయిన ఆ వీపు మెల్లగా వచ్చి నాకు ఆనింది. ఆయన పొడుగ్గా ఊపిరి వదిలాడు.

హైమావతి ఇప్పుడు మూడు మండలాల పాలు చూస్తోంది. బల్లకి ఇవతల కూడా మెత్తల కుర్చీయే వచ్చింది, నేను షెడ్డుకి వచ్చాను. రేపో మాపో పాత సామాన్ల వేలంలో ఎవరో ఒకరు పట్టుకుపోతారు. పట్టుకుపోనివ్వండి. ఆ రోజు అసిరయ్య, పిల్ల సంతకాలన్నీ అయిపోయి పిలిచినా, చాలాసేపు లేవలేదు. నన్ను చేసిన వీరభద్రాచారి కోరుకున్నది అదే.