గంజిలో కలిసిన చేపనూనె

"నీ చేతులు ఆకురాయిలా ఉన్నాయే, తగిల్తే పోగు తెగుతోంది" అన్నాడు మా ఆయన, నేను మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే. నవ్వేసి, ఆయన అటు వెళ్లాక చేతులు తడిమి చూసుకున్నాను. మోచేతుల మీద, తొడల మీద ముళ్లలాంటి పొక్కులు. ఒళ్లంతా పొట్టు రాలుతోంది. రెండేళ్ల కిందట మా తోడికోడలు మాణిక్యానికి ఒంటి మీద మచ్చలొస్తే, మా అత్తగారు రావమ్మ అది కుష్ఠు, పెద్దరోగమేనని తేల్చేసి, చంటిపిల్లను లాక్కుని, ఆమెను ఉయ్యూరులో పుట్టింటికి పంపేసింది. నాకూ చంకలో ఆడపిల్ల ఉంది. మండుటెండల్లో కూడా పైట నిండా కప్పుకునే తిరిగాను.

పిల్లకు దగ్గని అబద్ధం చెప్పి బెజవాడ ఆస్పత్రికి వెళ్లాను. నర్సు శౌరమ్మ నా చేయి తడిమి చూసి, "పెద్దరోగం కాదమ్మా, ఏడవకు. ఏం తింటున్నావు?" అంది. ఏం చెప్పను? పాలూ పెరుగూ మగ్గం మీద కూర్చునేవాళ్లకి. కూర మిగిలితే అత్తగారికి. నాకు మాడుచెక్కా ఊరగాయా. "తిండి చాలకే చర్మం గరుకెక్కింది" అని సొరచేప నూనె సీసా ఇచ్చింది, రోజుకో చెంచా తాగమని. చేప మాట ఎత్తితేనే స్నానం చేసే ఇల్లు మాది! సీసాను పొయ్యి పక్క ఊకబుట్టలో దాచి, ముక్కు మూసుకుని మింగేదాన్ని. నెల తిరిగేసరికి మోచేతులు నునుపు తేలాయి. భయం మాత్రం తగ్గలేదు. అత్తగారు పొయ్యివైపు నడిస్తే చాలు, ఆ బుట్టకు అడ్డంగా వెళ్లి నిలబడేదాన్ని.

ఆ పొద్దున వీధిలో పడుగు నూలు బారుగా కట్టి కుంచెలతో గంజి పెడుతున్నారు. పోగు మెత్తబడాలని గంజిలో కాస్త నూనె కలుపుతాం. యుద్ధం రోజులు, కొబ్బరినూనె దొరకడం లేదు. పడిశంతో ముక్కు దిబ్బడేసిన అత్తగారికి ఊక తీస్తుంటే నా సీసా దొరికింది. కోడలు దాచుకున్న తలనూనె అనుకుని కసిగా మొత్తం గంజిలో పోసేసింది. ఎండ తగిలేసరికి వీధి వీధంతా చేపల కంపు. కుంచెలు పట్టుకున్న మగవాళ్లందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఎవరిదే ఈ సీసా?" మా ఆయన అరిచాడు.

తలనూనె అని చెప్పి కొట్టువాడు మోసం చేశాడంటే బతికిపోదును. కానీ ఆ మాటన్నాక మళ్లీ ఆ మందు ఇంట్లోకి తెచ్చుకోలేను.

"నాదేనండీ. చర్మానికి మందు."

"అమ్మో, పెద్దరోగం! పిల్లనిలా ఇవ్వు, ముట్టుకోకు దాన్ని!" అంటూ అత్తగారు చేతులు చాచింది.

పిల్లను ఇంకా గట్టిగా అదుముకున్నాను. వీధంతా చూస్తోంది.

"నా రోగం ఆకలి అత్తయ్యా. ఇది నా కూతురికి రాకూడదు. ఈ పూట నుంచి పెరుగన్నం ముందు మేమిద్దరం తింటాం."