జింక నిలబడి తీయించుకున్న ఫొటో

ఇరవై రెండేళ్ళుగా మా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాను. ఊళ్ళో సగం మంది ముఖాలు నా చేతిమీదుగానే వెళ్ళాయి. ఏ ఒక్కదాని కిందా నా పేరు లేదు. బోర్డు మీద కూడా మామగారి పేరే. ఆ మంట నాలో ఏదో మూల ఉండనే ఉంది. ఈ శరత్కాలంలో మూడు ఆదివారాలు బయటికి వెళ్ళి ఫొటోలు తీస్తామనీ, వాటిలో ఒక్కదాన్ని గ్రంథాలయం హాల్లో గోడంత చేసి, తీసినవాళ్ళ పేరుతో సహా పెడతామనీ ఫొటో క్లబ్బు వాళ్ళు ప్రకటించారు. ఆ సాయంత్రమే వెళ్ళి చేరిపోయాను.

క్లబ్బు కార్యదర్శి పళ్ళ డాక్టరు. ఆయన లెన్సు చేతి పొడవు ఉంటుంది కాబట్టి చాటున అందరికీ ఆయన ఫిరంగి, ఎదుట డాక్టరుగారు. అడవిలో స్టూలు వేసి కూర్చోబెట్టడానికి ఎవరూ దొరకరమ్మా అని నేను చేరిన రోజే అన్నారు. అందరూ నవ్వారు. ఒళ్ళు మండుతున్నా నేనూ నవ్వాను.

మొదటి ఆదివారం ఎర్రబడ్డ ఆకుల కొండ. దాన్ని సరిగ్గా నట్టనడుమ, అటూ ఇటూ సమానంగా వచ్చేట్టు తీశాను. కొండకి గుర్తింపు కార్డు తయారుచేశారా అని ఫిరంగి అడిగారు. రెండో ఆదివారం రాత్రి, వంతెన మీద దీపాలు. షట్టరు అరనిమిషం తెరిచే ఉండాలి, కెమెరా కదలకూడదు. అంతలో పక్కనున్న ఫిరంగి కాలరు మడతపడి కనిపించింది. ఇరవై రెండేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, వెళ్ళి సర్దాను. తిరిగొస్తూ నా స్టాండునే తన్నాను. దీపాలన్నీ గోడ మీద పిల్లలు గీసిన పిచ్చిగీతల్లా వచ్చాయి.

ఇంటికొచ్చి, కెమెరా బల్లమీద పెట్టి, ఏడుపు ఆపుకున్నాను. ఇక మిగిలింది ఒక్క ఆదివారం. అత్తగారు దుప్పట్లు మడతపెడుతూ నన్నోసారి చూసి, ఆ రోజు ఎన్నింటికి లేపాలో చెప్పమన్నారు.

మూడో ఆదివారం అడవి అంచున పొదల్లోంచి జింక వచ్చింది. పదిమంది కెమెరాలూ టకటకమని మోగాయి. నేను మాత్రం నొక్కలేదు. జింక తల గడ్డిలో ఉంది, వెనకంతా కొమ్మల గజిబిజి. వెనక ఏమీ ఉండకూడదు, రెండు చెవులూ కనిపించాలి, కళ్ళు సూటిగా చూడాలి. ఇవి లేకుండా నా చేత ఎవరూ మీట నొక్కించలేరు. మంచు తప్ప వెనక ఏదీ లేని చోటు చూసుకుని తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. గంట గడిచింది. మోకాళ్ళు పట్టేశాయి. మిగతావాళ్ళు తీసినవి తెరమీద చూసుకుంటూ మురిసిపోతున్నారు.

జింక మేస్తూ మేస్తూ ఆ మంచు ముందుకి వచ్చింది. తల మాత్రం ఎత్తదు. అప్పుడు నోరు జారాను.

"ఇటు చూడండి. గడ్డం కొంచెం పైకి."

అడవిలో నోరు విప్పకూడదన్నది క్లబ్బు మొదటి నియమం. పదిమందీ గిరుక్కున తిరిగారు. జింక తలెత్తింది. చెవులు రెండూ నిక్కబొడుచుకుని నా కళ్ళలోకే చూసింది. ఒక్కసారే నొక్కాను. అది ఒక్క గంతులో మాయమైపోయింది.

ఫిరంగి ఒంటికాలి మీద లేచారు. జింకని బెదరగొట్టి అందరి ఉదయమూ పాడుచేశానన్నారు. నేను కెమెరా ఆయన చేతికిచ్చాను. చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నేను మూడు వందలు తీశానమ్మా," అన్నారు నెమ్మదిగా. "ఇలాంటిది ఒక్కటీ లేదు."

ఆ వారం ఎంపికలో అందరికంటే ముందు లేచిన చెయ్యి ఆయనదే. తరవాత ఒక్క చెయ్యీ కింద ఉండలేదు.

హాల్లో గోడ నిండా జింక. దాని కింద నల్లటి అక్షరాల్లో నా పేరు. తప్పేమైనా ఉందేమోనని ఐదారుసార్లు చదివాను. లేదు. నా కాళ్ళు నేలమీద లేవు. గర్వంగా ఉంది, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఎవరో పెద్దావిడ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, పక్కనే ఉన్న అత్తగారిని ఇది తీసిందెవరని అడిగారు. అత్తగారు అక్షరాల కింద వేలు నడుపుతూ నా పేరు పూర్తిగా, హాలంతా వినపడేలా చదివారు.

"నేను ఈవిడ అత్తగారిని," అన్నారు.