పట్టుకోమ్మా, మరదలా

పాలసీసాను మూడోసారి మరిగే నీళ్లలో వేస్తుంటే అత్తయ్య నవ్వింది. "ఆ సీసా కరిగిపోతుందేమో చూసుకో! ఇంత భయస్తురాలివి, పోయిపోయి దాని చేతికా పిల్లనిస్తానంటావు?"

"అది" అంటే మా వదిన, అత్తయ్య కన్నకూతురే. తాగుడికి అలవాటుపడి, అటు మొగుడూ ఇటు పుట్టిల్లూ వెళ్లగొడితే, బస్టాండు బెంచీల మీద బతికిన మనిషి. మామయ్యగారు తాగొచ్చినప్పుడు ఇదే ఇంట్లో వేడివేడిగా వడ్డించి పడుకోబెట్టేవారట. కూతురు తాగితే మాత్రం తలుపేశారు. చివరికి ప్రార్థన మందిరం వాళ్లు నడిపే ఆశ్రమం ఆమెను చేర్చుకుంది. ఇప్పుడు అక్కడ వంట ఆమెదే.

నా పదో తరగతి మధ్యలో ఆగింది. మళ్లీ పరీక్ష రాద్దామంటే పొద్దుటిపూట క్లాసులున్నాయి. "నా మోకాళ్లే నా మాట వినవు, పిల్లను నేనెక్కడ చూడను?" అంది అత్తయ్య. "చదివి ఏ రాజ్యాలేలాలని?" అన్నారు మా ఆయన. అందుకే వదినను అడగడానికి ఆశ్రమానికి వెళ్లాను.

అక్కడొక పద్ధతి ఉంది. మనసు తాగుడు వైపు లాగిందంటే, చేతిలో ఏ పనుంటే అది పక్కవాళ్లకు అప్పగించి ప్రార్థన గదిలోకి వెళ్లిపోవాలి. తీసుకున్నవాళ్లు ఎందుకని అడగకూడదు. నేను చూస్తుండగానే వదిన గరిటెను పక్కనున్న ముసలి డ్రైవరు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆయన మారుమాట లేకుండా కలిపాడు. ఆ రోజు అందరం మాడిన కూరే తిన్నాం. తిరిగొచ్చిన వదిన కూడా తిని, "డ్రైవరుగారూ, బ్రేకు కాస్త ముందు వెయ్యాల్సింది," అంది. అందరూ పగలబడి నవ్వారు.

నేను రమ్మన్నందుకు ఇవాళ వదిన మా ఇంటికొచ్చింది, ఇన్నేళ్ల తర్వాత. పాపను ఎత్తుకోగానే దాని ఏడుపు ఆగింది. నేనైతే మెడ కింద చెయ్యి పెట్టిందా, గట్టిగా పట్టుకుందా అని రెప్పవేయకుండా చూస్తున్నాను. అంతలో మా ఆయన గడ్డం గీసుకుని, చెంపలకు స్పిరిటు వాసన కొట్టే ఘాటైన లోషన్ పూసుకుని మా పక్కనుంచి వెళ్లారు. వదిన ముక్కుపుటాలు అదిరాయి. మొహం పాలిపోయింది.

"పట్టుకోమ్మా, మరదలా."

పాపను నా చేతుల్లో పెట్టి, పెరటి మెట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. "దేవుడా, ఈ ఒక్క గంట దాటించు," అనడం వినిపించింది.

"చూశావా! వాసనకే వణికిపోయింది. దీన్ని నమ్మి పిల్లనిస్తావా?" అంది అత్తయ్య.

నేను పాపను గుండెకు హత్తుకుని చూస్తూ ఉండిపోయాను. ఆమె ముందు పాపను భద్రంగా అందించింది, ఆ తర్వాతే తన సంగతి చూసుకుంది. తల్లీ తమ్ముడూ చూస్తున్నారని దాచుకోలేదు, బింకానికి పోలేదు. ఈ ఇంట్లో నిద్ర లేక కళ్లు తిరుగుతున్నా, చేతులు పడిపోతున్నా, "ఇప్పుడు నా వల్ల కాదు" అన్న ఒక్క మాట నా నోట ఎప్పుడైనా వచ్చిందా? అడుగు జారితే పాప ఏమైపోను? ఇన్నాళ్లూ సీసాలు మరగబెట్టానే గానీ, పాపను ఎత్తుకున్న నా చేతుల గురించి ఆలోచించనే లేదు. వదిన దగ్గర నేర్చుకోవలసింది ఇంత ఉందని ఎవరు చెప్పారు నాకు?

ఇంతలో పాప మళ్లీ ఏడుపు అందుకుంది. లోపల పాలు పొంగుతున్నాయి. "పిల్లను ఊరుకోబెట్టడం కూడా రాదుగానీ, పరీక్షలట!" అన్నారు మా ఆయన అద్దంలో తల దువ్వుకుంటూ. నా చేతులు వణికాయి. గబగబా వెళ్లి పొయ్యి ఆపి వచ్చి, పాపను ఆయన చేతుల్లో పెట్టాను.

"పట్టుకోండి."

నేనూ వెళ్లి మెట్టు మీద వదిన పక్కన కూర్చున్నాను. ఆమె కళ్లు తెరిచి, కాస్త జరిగి చోటిచ్చింది. "సోమవారం నుంచి పొద్దున్నే వచ్చేయండి వదినా, పాప మీ దగ్గరే ఉంటుంది," అన్నాను.

లోపల్నుంచి ఆయన కేక. "ఏమైందిప్పుడు? ఎందుకిచ్చిపోయావు నాకు?"

వదిన వెనక్కి తిరగకుండానే అంది: "తీసుకున్నవాళ్లు అడక్కూడదురా తమ్ముడూ."