శుక్రవారం పిల్లలు

మా అసాంటే తెగ వాళ్లకు పుట్టిన వారమే పేరు. నేను శుక్రవారం పుట్టాను, అందుకే అఫియాని. ముప్పై ఏళ్ల కిందట కుమాసీ దగ్గర ఒక ఆసుపత్రిలో, పిల్లల మలేరియా మందు పరీక్షకు లెక్కలు కట్టేదాన్ని. రెండేళ్లు చూశాం. మందుకీ, మందులేని ఉత్తుత్తి మాత్రకీ తేడా తేలలేదు. నాకు ఉక్రోషం వచ్చి, పిల్లల్ని పేర్లను బట్టి ఏడు గుంపులు చేశాను. శుక్రవారం పిల్లల్లో మందు పనిచేసింది! ఉత్తి యాదృచ్ఛికంగా అయితే అంత తేడా నూటికి నాలుగుసార్లే వస్తుంది. ఐదు లోపుంటే మా లెక్కల వాళ్లు పండగ చేసుకుంటారు.

కాగితం పట్టుకుని వార్డు పెద్ద నర్సు సెర్వా సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ వేరుశనగ పులుసులో ఫుఫు ముద్ద ముంచుతూ చూసింది.

"ఏడు తలుపులు కొట్టావు, ఒకటి తెరుచుకుంది. దానికే ఇంత గంతులా? అయినా దోమ కుట్టేముందు పేరడుగుతుందటే పిల్లా?"

వార్డంతా ఘొల్లున నవ్వింది. నెల్లాళ్లు నన్ను "శుక్రవారం డాక్టరమ్మా" అనే పిలిచారు. ఎంత మండిపడేదాన్నో!

సిస్టర్ పోయి చాలా ఏళ్లయింది. నిన్న జ్వరంతో అదే ఆసుపత్రికి వెళ్లాను. మలేరియా పరీక్షకు రక్తం తీస్తూ కొత్త నర్సు పేరడిగింది.

"అఫియా" అని చెప్పి, ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూశాను.

ఎవరూ నవ్వలేదు.