మంగతాయారు ఐడియాను చంపిందెవరు?

మంగతాయారు వీధి తలుపు తీసేసరికి ఆమె ఐడియా అరుగు మీద చచ్చి పడి ఉంది.

ఆమె కెవ్వుమని అరవదు. ముందు చెంగుతో దాని మీది ఈగల్ని తోలుతుంది. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఊపిరి లేదు. ఒకప్పుడు దూడంత ఉండేది, ఇప్పుడు మడతపెట్టిన దుప్పటంత అయిపోయింది.

దాన్ని ఎత్తుకొచ్చి హాల్లో పడుకోబెడుతుంది. అది బతికున్నన్నాళ్లూ ఆ హాలు ఎంత పొడుగంటే, ఈ చివర నుంచి కేకేస్తే గాని ఆ చివర వినపడేది కాదు. ఇప్పుడు రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి నిలబడాల్సిందే. గోడలు చప్పుడు చేయకుండా, మర్యాదగా దగ్గరికి జరుగుతున్నాయి.

కబురందుకున్న ఎస్సై దివాకరం టోపీ తీసి చంకలో పెట్టుకుని, పక్కకు తిరిగి లోపలికి వస్తాడు. ఐడియాల చావులు చూసీ చూసీ రాటుదేలిన మనిషి.

“ఎవరిదమ్మా ఇది?”

“నాదేనండి.”

“ఎలా వచ్చింది?”

“పెళ్లైన కొత్తలో, ఓ మధ్యాహ్నం పూట తలుపు తట్టిందండి. తీస్తే గుమ్మంలో నిలబడుంది, వానకి ముద్దగా తడిసిపోయి. బయట చూస్తే వానే లేదు.”

“ఐడియాలంతే లెండి. దేని గురించి?”

“మా ఆయనది అద్దె సైకిళ్ల కొట్టు కదండీ. మధ్యాహ్నం సైకిళ్లన్నీ ఊరికే పడుంటాయి. ఆ టైములో ఆడవాళ్లకి తొక్కడం నేర్పుదామని. మా వీధి ఆడవాళ్లు ఆస్పత్రికెళ్లాలన్నా ఎవడో ఒకడు ఎక్కించుకోవాలి, వాడికి తీరికుండాలి.”

“ఎంతమందికి నేర్పారేంటి?”

“నాకే రాదు కదండీ. ఆయనే నేర్పాలి.”

“మరి ఆయనేమన్నారు?”

“చూద్దాం అన్నారు.”

“ఎప్పుడు?”

“అడిగినప్పుడల్లా. మొన్న కూడా అన్నారండి.”

దివాకరం ఐడియా పొట్ట మీద వేళ్లతో కొట్టి చూస్తాడు. ఖాళీ డబ్బాలా మోగుతుంది.

“ఏం పెట్టేవారమ్మా దీనికి?”

“పెరుగన్నం. మూతి కూడా పెట్టేది కాదు.”

“ఐడియాలకి అన్నం సహించదు. ఎవరో ఒకరు సరే అనాలి, అది తిని బతుకుతాయి. దీన్ని మాడ్చేశారు. కానీ పోయింది అందువల్ల కాదు. ఈ అరికాళ్లు చూడండి.”

అరికాళ్లు అరిగిపోయి లోపలి దూది బయటపడింది. దూదికి రోడ్డు తారు అంటుకుని ఉంది.

“చావబోయే ముందు పరిగెత్తింది. ఉన్న సత్తువంతా పెట్టి పరిగెత్తింది. ఎవరు పరిగెత్తించారో మీకేమైనా ఐడియా ఉందా?”

“ఒక్కటే ఉండేదండి. అదే పోయింది.”

దివాకరం చంకలోని టోపీ తీసి నెత్తిన పెట్టుకుంటాడు. “రూలు చెప్పేస్తానమ్మా, ఏమీ అనుకోకండి. చంపినవాడు పొద్దుగూకేలోగా ఒప్పుకోకపోతే, మీకసలు ఐడియానే రాలేదని తేల్చేస్తాం. అలా తేల్చాక మీకూ గుర్తుండదు.”

“నాదీ, నాకెందుకు గుర్తుండదండీ?”

“రానిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారమ్మా?”

మంగతాయారు దాన్ని ఒళ్లోకి లాక్కుంటుంది. అప్పుడే దాని గొంతు గుర్తురావడం లేదు. కళ్లెదుటే రంగు వెలిసిపోతోంది. ఆ మధ్యాహ్నం కూడా మరేదో మధ్యాహ్నంలా మారుతోంది. ఆమె తలుపు తీస్తోంది, గుమ్మంలో పాలవాడు నిలబడి ఉంటున్నాడు. మళ్లీ తీస్తోంది, మళ్లీ పాలవాడే. ఒక్కసారైనా ఆ కొట్లోంచి ఓ సైకిలు లాక్కొచ్చి తనే ఎక్కి పడాల్సింది అనుకుంటుంది. మోకాళ్లు చెక్కుకుపోతే పోయేవి, దీనికి ఓ ముద్ద దొరికేది.

ఎండ గోడ దిగి గడప దాటుతున్న వేళకు సైకిలు బెల్లు మోగుతుంది. వీధిలో కాదు, నడినెత్తిన.

ఇద్దరూ అరుగు మీదికొచ్చి తలలెత్తుతారు. ఆమె భర్త సత్తిరాజు ఇంటి కప్పుకి కాస్త పైన, గాలిలో గుండ్రంగా సైకిలు తొక్కుతున్నాడు. పంచె ఎగ్గట్టి ఉంది. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ఇన్నేళ్ల కాపురంలో ఆయన సైకిలెక్కగా తను చూడటం ఇదే మొదలని ఆమెకు ఇప్పుడు తోస్తుంది.

“దిగి మాట్లాడండి, సత్తిరాజుగారూ,” అంటాడు దివాకరం.

“ఇలాగే చెబుతానండి. నేనే చంపేశాను. నాకు సైకిలు రాదండి. కొట్టు మా నాన్నది, చేతికొచ్చింది, కూర్చున్నాను. అద్దెకిచ్చేవాడికే తొక్కడం రాదంటే ఊరంతా పగలబడి నవ్వుతుందని భయం. అందుకే తాయారు అడిగినప్పుడల్లా చూద్దాం, చూద్దాం అన్నాను. ఇవాళ తెల్లారి కొట్టు తెరుస్తుంటే ఈ ఐడియా ఎముకల గూడులా వచ్చి నా ముందు నిలబడిందండి. ‘నాకంతా తెలుసు. ముందు నువ్వెక్కు, సీటు నేను పట్టుకుంటాను’ అంది.”

మంగతాయారు చేతుల్లోని ఐడియాకు రంగు తిరిగొస్తోంది. ఊపిరి రాదు, రంగు మాత్రం వస్తోంది. ఆనాటి గుమ్మంలో పాలవాడు పక్కకు తప్పుకుంటున్నాడు. ముద్దగా తడిసి, అది అక్కడే నిలబడి ఉంది.

“ఒక్క మనిషికి నేర్పేంత సత్తువే దానికి మిగిలిందండి. అది తాయారుకి దక్కాల్సింది. తెలిసే ఎక్కాను. హాయిగా ఉంది కదాని దాన్ని ఊరి చుట్టూ నాలుగు చుట్లు తిప్పాను. మా ఇంటి ముందుకొచ్చేసరికి వెనక పరుగు ఆగిపోయింది. తిరిగి చూస్తే పడిపోతానని చూడలేదు.”

సైకిలు ఇంకాస్త పైకి లేస్తుంది. ఇప్పుడు కొబ్బరిమట్టల మీద తిరుగుతోంది. మంగతాయారు ఐడియాను భుజాన వేసుకుని, రెండో చెయ్యి సీటు పట్టుకున్నట్టు పైకి చాచి, ఆయన నీడ వెంట వీధిలో గుండ్రంగా పరిగెత్తుతుంది.

“ఏవండీ! ఇంక చాలు, దిగండి!”

పైనుంచి గొంతు సన్నగా వినిపిస్తుంది.

“దిగడం నేర్పేలోపే దాన్ని చంపేసుకున్నాను, తాయారూ.”