చెట్లు లెక్కపెట్టే రోజు

ఇవాళ కొండ ఎక్కేది లేదని నేను చెప్పగానే తొకునాగా సాన్ చేతిలో గొడుగు పక్కకి ఒరిగి, దాని మీది నీళ్లన్నీ నా బూట్ల మీద పడ్డాయి.

"మిసావో సాన్, పొద్దున్నే వేళాకోళాలా? ఓడ నుంచి పడవ బయల్దేరింది. పన్నెండు మంది వస్తున్నారు."

"వేళాకోళం కాదు. ఇవాళ పదహారు."

"ఇవాళ జూన్ పదకొండు!"

"మీ క్యాలెండర్లో పదకొండు. మా పాత లెక్కలో అయిదో నెల పదహారు. కొండదేవత రోజు."

అతను రేవులో వేసిన గుడారం కిందే నిలబడి నోరు తెరిచి నన్ను చూశాడు. మంచివాడే. కగోషిమా నగరం నుంచి వచ్చి రెండేళ్లయింది. మా యకుషిమా దీవి ముందు ఆగే ఓడల వాళ్లని ఒడ్డున తిప్పే పని అతని ఆఫీసుది. అందులో నాకు అప్పగించింది ఫోటో నడక. మెడలో కెమెరాలు వేసుకుని దిగినవాళ్లని మా ఊరి కొండ మీది నాచు అడవిలో మూడు గంటలు తిప్పాలి. వెలుతురు ఎటు నుంచి పడుతుందో, కెమెరా కాళ్లు ఎక్కడ పెడితే నాచు నలగదో చెప్పాలి. పదకొండేళ్లుగా చేస్తున్నాను. చేతికి ఆఫీసు వారి ఆకుపచ్చ పట్టీ కట్టుకోకుండా ఎవరినీ నడిపించకూడదన్నది నియమం. మొగుడు పోయాక నన్ను నిలబెట్టింది ఆ పట్టీయే. ఈ మాట ఎందుకు దాచుకోవాలి?

వసంతంలో అతనే అడిగాడు, ఏయే రోజుల్లో కొండ ఎక్కరని. మొదటి నెల, అయిదో నెల, తొమ్మిదో నెలల్లో పదహారో రోజు అని చెప్పాను. అతను బుద్ధిగా రాసుకుని మే పదహారు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు. ఆ రోజు ఓడ లేదు, పనీ లేదు. మా గైడులందరం హాయిగా కొండెక్కి పూసిన పూలని ఫోటోలు తీసుకుని, వీడి పంచాంగం మండిపోనూ అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. పాత లెక్క నెల ఆలస్యంగా వస్తుందని అతనికి చెప్పినవాడు ఒక్కడూ లేడు. నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పుకి కొండ ఎక్కి పరిహారం చెల్లించే పని మాత్రం నా వల్ల కాదు.

పాత లెక్క పదహారో రోజున దేవత అడవిలో తిరుగుతూ చెట్లు లెక్కపెట్టుకుంటుంది. దారిలో మనిషి కనిపిస్తే అతన్నీ చెట్ల లెక్కలోనే కలిపేస్తుంది. కలిపేశాక ఇక కిందకి దిగడం ఉండదు. చిన్నప్పుడు నాకు ఇది చెప్పి భయపెట్టింది మా అమ్మ. మా నాన్న మాత్రం వేరేగా చెప్పేవాడు. ఆయన రంపం పట్టిన మనిషి. వెయ్యేళ్ల దేవదారులు ఎన్నింటినో పడగొట్టాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, సారా కూడా ముట్టుకునేవాడు కాదు. "నరికింది మనం. ఆవిడ లెక్క చూసుకునే వేళకి ఎదురుగా వెళ్లి నిలబడ్డానికి మొహం ఉండద్దుటే?" అనేవాడు. దేవత ఉందో లేదో నాకు తెలియదు. ఆయన సిగ్గు మాత్రం నా కళ్లారా చూశాను. దాన్ని తొక్కుకుంటూ పైకి నడవలేను.

తొకునాగా ఫోను తీశాడు. "సరే, మీరు వద్దు. వేరేవాళ్లని పిలుస్తాను."

"పిలవండి."

మొదట షోహేకి చేశాడు. షోహే టోక్యో నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడిన కుర్రగైడు. వాడికి ఈ నమ్మకాలు ఉండవని తొకునాగా ఆశ. వాన హోరులో వినబడదని ఫోను గట్టిగా పెట్టాడేమో, నాకూ అంతా వినిపించింది.

"అయ్యో, రాత్రి నుంచి మోకాలు వాచిపోయింది తొకునాగా సాన్. అడుగు పడటం లేదు." వెనక నుంచి వాడు మేకు కొడుతున్న చప్పుడు.

తర్వాత మరొకాయన. ఆయన ఇంటి కప్పు కారుతోందట. ఆఖరికి మా పక్కింటి గెంజి. నాకంటే పెద్దవాడు, గైడులందరికీ గురువు.

"ఇవాళ కుదరదు బాబూ. మా కుక్క పిల్లలు పెడుతోంది. పొద్దున్నించీ ఒకటే నొప్పులు."

గెంజి కుక్క మగది. ఒక్క మాట ఒప్పుకోవాలి, నాకు వాళ్లందరి మీదా ఒళ్లు మండింది. ఒక్కడైనా అసలు మాట పైకి అనచ్చు కదా? కొండదేవత రోజు, మేం పైకి రాం, అంతే. దాన్ని అనడానికి మోకాళ్లూ కుక్కలూ అడ్డం ఎందుకు? పై ఆఫీసు వాళ్లు పల్లెటూరి మొద్దులని నవ్వుతారని భయం. నవ్వనీ.

ఈలోపు పడవ రేవుకి తగిలింది. పన్నెండు మందీ దిగారు. అందరికంటే ముందు కువహతా సాన్. ఒసాకాలో బడి పంతులుగా చేసి మానేశాడట. చేతిలో సొరకాయంత లెన్సు.

"మూడు రోజులు ఓడలో కూర్చుని ఒళ్లు హూనమైంది. నాచు ఎక్కడ?" అన్నాడు.

తొకునాగా నాకు సైగ చేశాడు, వాన వంక చెప్పమని. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొండదేవత రోజు, లోపలికి వెళ్లం, మా ఊళ్లో ఎవరూ వెళ్లరు.

"దేవతా?" కువహతా సాన్ మొహం ఎర్రబడింది. "ఏమ్మా, ఈ కాలంలో కూడానా? నేను దేవతని ఫోటో తియ్యనులే, ఒట్టు. నాచుని తీసుకుంటా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మీ ఇంట్లో మీరు సామాను సర్దుకుంటున్న రోజు నేను కెమెరా పట్టుకుని వస్తే రానిస్తారా పంతులుగారూ?" అన్నాను.

"మా ఇంటికి టిక్కెట్టు అమ్మలేదమ్మా నేను!"

ఆయన చెప్పింది నిజమే.

తొకునాగా నన్ను పక్కకి లాగాడు. "పై ఆఫీసుకి నేనేం చెప్పాలి? అడవి కాకపోతే పోనీ, సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్లండి. కానీ మిసావో సాన్, సాయంత్రం ఆ పట్టీ ఇచ్చేసి వెళ్లండి. ఇలా అయితే నేను మిమ్మల్ని ఉంచలేను."

"సాయంత్రం దాకా ఎందుకు?" పట్టీ విప్పి అతని చేతిలో పెట్టాను. చెయ్యి బోసిగా అనిపించింది. అయినా గొంతు పెంచి అన్నాను: "అయ్యల్లారా, అమ్మల్లారా! ఇప్పుడు నేను గైడుని కాను. ఊళ్లో ముసల్దాన్ని, ఇసుక మీద షికారుకి పోతున్నాను. ఇష్టమున్నవాళ్లు రండి."

తొకునాగా బూట్లు చూసి అందరూ నా వెనకే వచ్చారు. తోలు బూట్లతో వాళ్లని తడిసిన రాళ్ల మీద నడిపించే మొహం కాదు అతనిది.

ఒడ్డున, అంతకుముందు రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన తాబేలు జాడలు, వానకి అంచులు కరిగినా, ఇసుకలో ఇంకా తెలుస్తున్నాయి. వంగి, వాటిని పక్క వెలుతురులో ఎలా తియ్యాలో చూపించాను. అలవాటైన పని, పట్టీ లేకపోయినా చేతులు వాటంతట అవే చేశాయి. అందరూ మోకాళ్ల మీద కూర్చుని తీసుకున్నారు. కువహతా సాన్ మాత్రం లెన్సుకి మూత కూడా తియ్యకుండా, "తాబేళ్లు మా వైపూ ఉన్నాయి," అని సణుగుతూ నిలబడ్డాడు.

పదకొండు గంటలవుతుండగా వాన ఆగింది. మబ్బు అడుగు నుంచి చిరిగి, మా కొండ నెత్తి దాకా బయటపడింది. ఆ వానల్లో నెలకి ఒక్కసారి అలా కనిపిస్తే గొప్ప. తడిసిన ఆకుపచ్చ, మడతల్లో తెల్లగా జలపాతాలు.

"ఇప్పుడు తియ్యండి," అన్నాను.

కువహతా సాన్ నా వైపు తిరిగాడు. "దేవత రోజున తియ్యచ్చా?"

"లోపలికి వెళ్లకూడదు గానీ చూడకూడదని ఎవరన్నారు? అవతలి వైపు జనం ఉంటారేమో, అది ఆ ఊళ్ల సంగతి. ఈ కొండ మాది. పైకి దారి మా ఊరి మీంచే. ఇప్పుడు మీకు కనిపిస్తున్న దాంట్లో ఒక్క మనిషి లేడు. మా వాడు లేడు, మీ వాడు లేడు. మిగతా రోజుల్లో ఎంత పెద్ద లెన్సు పెట్టినా ఏదో చెట్టు కింద ఎవడో ఒకడు ఉంటాడు. మనుషులు లేని కొండ ఏడాదికి మూడే రోజులు."

ఆయన కొండ వైపు తిరిగాడు. తర్వాత మూత తీశాడు. ఒక్కటంటే ఒక్క ఫోటో తీసి మళ్లీ మూత పెట్టేశాడు. పడవ ఎక్కేముందు నాకు వంగి దణ్ణం పెట్టాడు, టిక్కెట్టు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నాకు అదే నచ్చింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఓడ రావాలి. ఆ పొద్దు నేను ఇంటి అరుగు మీద కూర్చుని ఎగిరే చేపలకి పొలుసు తీస్తున్నాను. ఓడ రోజున ఇంట్లో ఉండటం పదకొండేళ్లలో అదే మొదలు. కత్తి సరిగ్గా సాగడం లేదు. తడిసి ముద్దయి తొకునాగా వచ్చాడు. చంకలో ఒక కాగితపు చుట్ట.

"షోహే మోకాలు తగ్గలేదట," అన్నాడు.

"పాపం."

"కప్పు ఇంకా కారుతోందట."

"వాన కదా."

"గెంజి సాన్ కుక్క ఇంకా పిల్లల్ని పెట్టలేదట. రెండు రోజుల్నించీ నొప్పులట!"

"కష్టమైన కాన్పు," అన్నాను తల ఎత్తకుండా. ఎత్తితే కళ్లు పట్టిస్తాయి. ఇవాళ దేవత రోజు కాదు, వాళ్లు ఆగింది నా కోసం. రెండు రోజులుగా నేను మండిపడింది ఈ మనుషుల మీదేనా అనిపించింది.

"మిసావో సాన్, నేను ఇప్పుడే ఆ కుక్కని చూసి వస్తున్నాను." అతను అరుగు చివర కూలబడ్డాడు. "అది మగకుక్క."

నేను నవ్వలేదు. అతనే ముందు నవ్వాడు. నవ్వి నవ్వి, జేబులోంచి ఆకుపచ్చ పట్టీ తీసి రెండు చేతులతో పట్టుకుని తల వంచాడు. మధ్యాహ్నం పడవ వస్తుందన్నాడు. మీరు రాకపోతే ఊళ్లో ఒక్క కుక్కకీ కాన్పు తీరేలా లేదన్నాడు.

పట్టీ నేను ముట్టుకోలేదు. చంకలోదేమిటని అడిగాను. ఆఫీసు గోడ మీది క్యాలెండరు. విప్పి అరుగు మీద పరిచాడు. నేను పాత పంచాంగం తెచ్చి పక్కన పెట్టి చూపించాను. తొమ్మిదో నెల పదహారు నవంబరు అయిదున పడింది, మొదటి నెలది వచ్చే మార్చి నాలుగున. అతను రెండు తేదీల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి, పక్కన ఏం రాయాలో తోచక కలం ఆపాడు.

"పై ఆఫీసు వాళ్లు కారణం అడుగుతారు. వాతావరణం బాగుండదు అని రాసేద్దామా? గొడవ ఉండదు."

"ఇంకో మగకుక్కా?" అన్నాను.

కలం అతని చేతిలోంచి తీసుకున్నాను. నా వేళ్లకున్న పొలుసులు క్యాలెండరుకి అంటుకున్నాయి. రెండు సున్నాల పక్కనా, గోడకి ఆ చివర నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాశాను: చెట్లు లెక్కపెట్టే రోజు. మనుషులు రాకూడదు.

అతను చదివి, క్యాలెండరు చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు చెయ్యి చాపి పట్టీ కట్టించుకున్నాను.