లేని పిట్ట

బాలచంద్ర లెక్కలో ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. పిట్టల్ని బతకనిచ్చేవాళ్లు, బతకనివ్వనివాళ్లు. మొదటి రకంలో తానొక్కడే మిగిలానని ఆయన గట్టి నమ్మకం. జుట్టు నెరిసేదాకా చిత్తూరు చుట్టుపక్కల గుట్టలూ బీళ్లూ కాలినడకన తిరిగి, తిరుపతిలో ఒక పరిశోధన సంస్థలో పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు. కన్నబిడ్డల పుట్టినరోజులు గుర్తుండవు గానీ ఏ పిట్ట ఏ నెలలో గుడ్డు పెడుతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడని భార్య దెప్పిపొడిచేది. ఆ దెప్పుడు కూడా ఆయన చెవికి బిరుదులాగే వినిపించేది.

కార్వేటినగరం అవతల దేవరాజులు అనే ఆసామికి పెద్ద గడ్డిబీడు ఉంది. చలికాలంలో ఆ బీటికి నేలనెమళ్లు వస్తాయని కనిపెట్టింది బాలచంద్రే. పేరుకు నెమలి గానీ, అది కోడిపెట్టంత పిట్ట. పొడుగు కాళ్లు, సన్నటి మెడ, గడ్డిలో కదలకుండా నిలబడితే గడ్డే అనిపించే రంగు. దేశం మొత్తమ్మీద అరుదైపోయిన ఆ జాతిలో ఈ బీటికి వచ్చేవి రెండే రెండు, ఒక పుంజు, ఒక పెట్ట. పుంజును కిందటి చలికాలంలో పట్టించి, దాని కాలికి తన చేతులతో నీలం కడియం తొడిగాడు. మళ్లీ ఏడాది అదే కడియంతో అదే బీట్లో దిగినప్పుడు, ఎవరూ చూడకుండా గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. ఆ మనిషికి ప్రేమ లేదనడానికి వీల్లేదు. ఉన్నదంతా ఒకేచోట పోశాడు, అంతే.

పుంజును పట్టిచ్చింది గురప్ప. ఉచ్చులు పన్ని పిట్టల్ని పట్టడం అతనికి తాతల నాటి విద్య. ఈక కూడా ఊడకుండా పట్టి తెచ్చి చేతిలో పెడితే బాలచంద్ర అతని భుజం తట్టి, ఫొటో కూడా తీసుకున్నాడు. కొన్నాళ్లకు అదే గురప్ప అవే ఉచ్చులతో రెండు కౌజులు పట్టాడు. సంగతి తెలిసి బాలచంద్రే అటవీశాఖ వాళ్లను వెంటబెట్టుకుని గుడిసె ముందు దిగాడు.

"సామీ, కూతురికి కానుపై రెండు దినాలు గూడా కాలేదు. నోటికి ఏమీ పోలేదంటాంటే పులుసు చేసి పెడదామని పట్టినా. తెలీక చేసినా సామీ, ఈ ఒక్కసారికి ఇడిసిపెట్టు" అని గురప్ప కాళ్ల మీద పడ్డాడు.

బాలచంద్ర కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. చిత్తూరు కోర్టులో సాక్షిగా నిలబడి, "తెలియక పట్టాను, తెలియక తిన్నాను అంటే చట్టం ఒప్పుకోదు" అన్నాడు. ఆ మాట పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చింది. దాన్ని కత్తిరించి ఆఫీసు గోడకు అంటించుకున్నాడు. గురప్ప జైలుకు పోయాడు. ఆ బాలింత ఏమైందో బాలచంద్ర కనుక్కోలేదు. అది ఆయన పరిశోధనలోకి వచ్చే విషయం కాదు మరి.

ఇంతలో ఏదో కంపెనీ ఫ్యాక్టరీ కోసం దేవరాజులు బీడును కొంటామని వచ్చింది. బేరం కుదిరింది గానీ అనుమతి రాలేదు. అక్కడ నేలనెమళ్లున్నాయని బాలచంద్ర రాసిచ్చిన కాగితం అడ్డం పడింది. ఆయన మళ్లీ సర్వే చేసి, లేవని సంతకం పెడితే తప్ప ఆ నేల అమ్ముడుపోదు. దేవరాజులు బతిమాలాడు, బెదిరించాడు, మంత్రుల చేత చెప్పించాడు. బాలచంద్ర ససేమిరా అన్నాడు. అలా పోట్లాడుతూ పోట్లాడుతూ ఉన్నట్టుండి ఒకరోజు దేవరాజులే ఫోన్ చేశాడు.

"సారూ, మనకెందుకబ్బా ఈ పంచాయితీ? నా బిడ్డలు ఎట్లా సేద్యం చేసేవాళ్లు గాదు. బీడు మొత్తం నీ పిట్టలకే ఇడిసేస్తా. నీ సంస్థ పేరుతో ముప్పై ఏండ్లకు లీజు రాసుకుందాం. ఆదివారం మధ్యాన్నం బోజనానికి రా. కాయితాలు ఆడనే రాసుకుందాం."

బాలచంద్రకు కాళ్లు నేలమీద ఆనలేదు. ఎంతో మంది కలెక్టర్ల చుట్టూ తిరిగితే రానిది అన్నం ముందుకే నడిచి వస్తోంది. ఆ ఒక్క లీజు దక్కితే ఇన్నేళ్ల తిరుగుడుకూ అర్థముంటుందనుకున్నాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, దేవరాజులు భార్య వసంతమ్మగారికి పండ్లు కూడా కొనుక్కుని వెళ్లాడు.

నడవాలో అరిటాకు వేశారు. వసంతమ్మ రాగిసంగటి ముద్ద పెట్టి, ఊరుబిండి పచ్చడి వేసి, ముద్ద మధ్య గుంటలో పులుసు పోసింది. తల ఎత్తలేదు. దేవరాజులు మేనల్లుడు ధనంజయ స్తంభానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"నాటుకోడి సారూ. నీకోసరమే కోయించినా. మొగమాటపడొద్దు" అన్నాడు దేవరాజులు. తాను మాత్రం శనివారం ఒక్కటే గాదు, ఆదివారం గూడా మాంసం ముట్టనని పప్పు కలుపుకున్నాడు.

రెండో ముద్దకు బాలచంద్ర చేతికి కాలి ఎముక వచ్చింది. కోడికాలు అంత సన్నంగా ఉండదు. అంత పొడుగ్గా అసలే ఉండదు. కిందటి చలికాలంలో ఇదే ఎముకను, దాని మీద వెచ్చటి చర్మం ఉండగా, స్కేలు పెట్టి కొలిచింది ఆయనే. నోట్లో ముద్ద అట్లాగే నిలిచిపోయింది.

లేవాలి. ఆకు విసిరికొట్టి లేవాలి. కానీ లేస్తే ఈ మనిషి ముఖం మాడ్చుకుంటాడు, లీజు పోతుంది, బీడు పోతుంది, పెట్ట కూడా పోతుంది. పుంజు ఎట్లాగూ చచ్చిపోయింది. తాను తినకపోతే లేచొస్తుందా? మొరటు మనిషి, ఏ పిట్టో తెలియక వండించి ఉంటాడు. కాగితం మీద సంతకం పడ్డాక మిగతాది ఆలోచించవచ్చు. గోడకంటించుకున్న మాట ఆయనకు ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు. ముద్ద మింగాడు.

"ఎట్లుండాది సారూ?"

"బాగుంది" అన్నాడు బాలచంద్ర.

"ఇంగ రెండు ముక్కలు వేసేదా?"

వద్దంటే అనుమానం వస్తుందనుకున్నాడు. "వెయ్యమ్మా" అన్నాడు. వసంతమ్మ గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. మొగుడి వైపు చూసింది. తర్వాత వేసింది. బాలచంద్ర ఎముకలు చీకి ఆకు పక్కన వరసగా పెట్టాడు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద తాంబూలం పళ్లెం ఉంది. వక్కల మధ్య నీలం కడియం ఉంది.

"నీదే గదా సారూ? నీ వస్తువు నీకు ఇయ్యాల గదా" అన్నాడు దేవరాజులు. ఆయన గొంతులో కోపం లేదు. సంతలో ఎద్దుకు పళ్లు చూసేవాడి నిదానం ఉంది. "ఒరే ధనంజయా, సారుకు చూపీరా."

ఫోన్లో బాలచంద్ర కనిపించాడు. ఎముక పట్టుకున్నాడు, దానివైపే చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత తిన్నాడు. తర్వాత వెయ్యమ్మా అన్నాడు.

"నువ్వు ఆ ఎముక పారేసి లేసి పోయింటే, నేను నిజంగానే లీజు రాసిచ్చేవాడినేమో సారూ. నిన్ను సూసి బయపడేవాడిని. ఎంత గట్టోడివో సూద్దామనే పెట్టించినా. తిన్నావు. తెలిసీ తిన్నావు, మళ్లా వేయించుకొని గూడా తిన్నావు." దేవరాజులు ఆకుకు సున్నం రాస్తూ నవ్వాడు. "తెలీక తిన్నా అంటే చట్టం ఒప్పుకోదని కోర్టులో చెప్పింది నువ్వే గదా? ఇంగ తెలిసి తిన్నోడి సంగతి నాకు తెలీదు. నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పాల."

వసంతమ్మ ఆకు ఎత్తుకుని లోపలికి పోయింది. దేవరాజులు కాగితం పరిచాడు. అందులో లీజు లేదు. ఈ సీజనంతా గాలించినా ఈ బీట్లో నేలనెమలి జాడ కనపడలేదని బాలచంద్ర పేరు మీద టైపు చేసిన సర్వే రిపోర్టు ఉంది. ఉద్యోగం, పేరు, పేపరు వాళ్లు, భార్య ముఖం, అన్నీ ఒక్కసారిగా ఆయన కళ్ల ముందు తిరిగాయి. పిట్ట మాత్రం తిరగలేదు. సంతకం పెట్టాడు. ఎప్పటిలాగే కింద రెండు గీతలు కూడా గీశాడు.

కడియం జేబులో వేసుకుని బయటికి వస్తే, గేటు దగ్గర గురప్ప కూర్చుని ఉన్నాడు. జైలు నుంచి వచ్చాక మనిషి సగమైపోయాడు. బాలచంద్రను చూసి గబుక్కున లేచి చేతులు కట్టుకున్నాడు.

"సామీ, నీకు చెప్పకుండా దాపెట్టేది తప్పు. ఆ పుంజును పట్టింది నేనే. పట్టకుంటే గుడిసె పీకిస్తానన్న్యాడు ఆసామి. ఇంగ బీట్లో పెట్ట ఒకటే ఉండాది. పొద్దున్నుంచీ పుంజు కోసరం ఆడాడనే తిరుగుతాండాది. దాన్నిగూడా పట్టి తెమ్మంటాండాడు." ఒకడుగు దగ్గరికి వచ్చాడు. "నాకు మళ్లా జైలుకు పోయే ఓపిక లేదు సామీ. ఆడ నేనుండంగానే కూతురు పోయింది, మన్ను వేసేదానికి గూడా ఇడవలేదు. నువ్వు వొద్దంటే పట్టను. గుడిసె పోతే పోనీ, ఏ చెట్టు కిందనో పడుంటా. ఒక్క మాట చెప్పు. పట్టేదా, వొద్దా?"

బాలచంద్ర వెనక్కి చూశాడు. నడవాలో ధనంజయ నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోన్ ఉంది. ముందుకు చూశాడు. ఎండలో బీడంతా పచ్చగా పండి ఉంది, గట్టు పక్కన ఒకచోట గడ్డి కదిలింది. ఒక్క మాట చాలు, రెండక్షరాల మాట. అది నోటిదాకా వచ్చింది.

"ఈడ ఆ పిట్టే లేదప్పా" అన్నాడు.

గురప్ప అర్థం కానట్టు ఆయన ముఖంలోకి చూశాడు. కాసేపటికి అర్థమైంది. "సరే సామీ" అని, ఉచ్చుల సంచి భుజానికి తగిలించుకుని, గడ్డి కదిలిన వైపు నడిచాడు.